చివరి ఇంటి నల్లాలో క్లోరిన్ ఎంత? నల్లగొండ జిల్లా సర్పంచులకు బహిరంగ లేఖ

సర్పంచ్ గార్లకు, వార్డు మెంబర్లకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారం.

మిమ్మల్ని ఒక్కటే అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈరోజు పొద్దున మీ ఊర్లో నీళ్లు వదిలినప్పుడు, ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఇంటి నల్లా దగ్గర, క్రిములను చంపడానికి ట్యాంకులో కలిపే క్లోరిన్ ఆ నీళ్లలో ఎంత మిగిలింది? సీసీ రోడ్డు ఎన్ని మీటర్లు పడింది, ఏ వాడకట్టులో ఎన్ని ఓట్లున్నాయి, ఉపాధి పనికి ఎందరు వచ్చారు, ఇవన్నీ మీకు నోటికి వచ్చు. ఈ అంకె మాత్రం చాలా ఊర్లలో అడిగేవాళ్లు లేరు, రాసేవాళ్లు లేరు. నేను కోరేది ఇంతే: రోజూ ఆ అంకె తీయించండి, తారీఖు వేసి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. ఎందుకు, ఎట్లా అన్నదే మిగిలిన ఉత్తరమంతా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నేను మైక్రోబయాలజీ చదువుకున్నాను. నల్లగొండలో ఒక ల్యాబ్‌లో పని, ఉండేది మునుగోడు వైపు ఊర్లో. వానలు మొదలై కొద్ది రోజులు గడిచాయంటే మా ల్యాబ్‌కు వచ్చే చీటీల తీరు మారిపోతుంది. విరేచనాలు, టైఫాయిడ్ అనుమానం, కామెర్లు. ఒకే ఊరి పేరు, ఒక్కోసారి ఒకే వాడకట్టు పేరు, వరుసగా నాలుగైదు చీటీల మీద కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఒకరికి వస్తే బయట ఏదో తిన్నారనుకోవచ్చు. వాడకట్టు మొత్తం వచ్చిందంటే అక్కడ ఎక్కడో పైపు పాడైనట్టే. ఆ చీటీల్లో ఎక్కువగా చిన్న పిల్లల పేర్లు ఉంటాయి, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మన జిల్లాలో నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. అందులో తప్పేం లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం. బోరు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే కేంద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేస్తే, దానికి పడిన పేరే నల్లగొండ టెక్నిక్. ఒక రోగం వల్ల ప్రపంచంలో పుస్తకాలకెక్కిన జిల్లా మనది. తర్వాత సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి, ఉదయసముద్రానికి తెచ్చుకున్నాం. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఇంటింటికీ కృష్ణ నీళ్లు వచ్చాయి. దీని కోసం ఎంతమంది ఎన్నేళ్లు కొట్లాడారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అయితే ఇన్నేళ్ల ఫ్లోరైడ్ బాధలో మనకు ఒక అలవాటు పడిపోయింది. నీళ్లు మంచివా కావా అంటే ఫ్లోరైడ్ ఉందా లేదా అనే చూస్తాం, లేదంటే రుచి చూసి ఉప్పగా ఉన్నాయో లేదో చెప్తాం. ఫ్లోరైడ్ ఏళ్లకేళ్లు తాగితే ఎముకలను పట్టుకుంటుంది. రోగం తెచ్చే సూక్ష్మజీవికి అంత టైం అక్కర్లేదు, రాత్రి తాగిన నీళ్లకు తెల్లారేసరికి పిల్లవాడు సోయి తప్పి ఉండొచ్చు. ఫ్లోరైడ్ ఎంతుందో ఇవాళ చూస్తే వారం తర్వాత కూడా దాదాపు అంతే ఉంటుంది. సూక్ష్మజీవులు అట్లా కాదు, పొద్దున బాగున్న నల్లా సాయంత్రానికి పాడవుతుంది. ఒకదానికి చేసే మందు ఇంకోదానికి పనికిరాదు కూడా. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ వేసినా ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది. మన నీళ్ల ప్రమాణం, అంటే బీఐఎస్ 10500, ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము అని, వేరే గతి లేకపోతే 1.5 దాకా అని ఒప్పుకుంటుంది. ఈ.కోలై విషయంలో ఆ సడలింపు లేదు. వంద మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు, అంతే.

ఈ.కోలై అంటే మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. అందులో చాలా రకాలు మనల్ని ఏమీ చేయవు. మరి దాన్నే ఎందుకు వెతుకుతారంటే, అది నీళ్లలో కనిపించిందీ అంటే మలం ఆ నీళ్లలో కలిసింది అని. మలం కలిసిన చోటికి టైఫాయిడ్, కలరా, కామెర్ల వైరస్‌లు ఏవైనా రావచ్చు. వాటిని ఒక్కొక్కటిగా వెతకడం పెద్ద పని, అందుకని దారి చూపే దీన్ని వెతుకుతారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నీళ్లలో బ్యాక్టీరియా ఉంది అనగానే జనం హడలిపోతారు. నీళ్లలో జీవం లేకుండా ఉండదు. శుద్ధి చేసిన మంచి నీళ్లలో కూడా లీటరుకు లక్షల్లో సూక్ష్మజీవులుంటాయి, ఎక్కువ భాగం మనల్ని ఏమీ చేయవు. ఇవి విడివిడిగా ఈదుకుంటూ తిరగడం తక్కువే. ఎక్కువ శాతం పైపు లోపలి గోడకు అతుక్కొని, జిగురు కార్చుకొని, రకరకాల జాతులు ఒకదానిమీద ఒకటి కాపురం పెట్టుకొని ఉంటాయి. పొద్దున లేవగానే పళ్ల మీద ఉండే పాచి కూడా సరిగ్గా ఇదే. రోడ్డు పనిలో జేసీబీ తగిలి పాత పైపు పగిలినప్పుడు ఆ ముక్క లోపల వేలితో రాసి చూడండి, గోధుమ రంగులో జారుడుగా సన్నటి పొర అంటుకుంటుంది. ఆ పొర కింద దాక్కున్నవాటి దాకా క్లోరిన్ సరిగ్గా పోదు, పైపొరను తాకేసరికే దాని బలం సగం అయిపోతుంది. నీళ్లు ఒక్కసారిగా వేగంగా వదిలినప్పుడు ఆ పొర పెచ్చులుగా లేచి నల్లాలో వస్తుంది. చాలాసేపు ఆగి వచ్చిన నీళ్లు మొదట కొంచెం రంగుగా, నీచు వాసనగా ఉండడానికి అదీ ఒక కారణం.

ఇదే జిగురు పొర మనకు మేలు చేసే చోటూ ఉంది. నిదానంగా పారే ఇసుక ఫిల్టర్లు చూసే ఉంటారు, వెనకటి తాగునీటి పథకాల్లో సమ్మర్ స్టోరేజీ చెరువు పక్కన ఉండేవి. ఆ ఇసుక పైన కొన్ని వారాల్లో పల్చటి పొర కడుతుంది. అందులో నాచు, బ్యాక్టీరియా, వాటిని తినే ఇంకా పెద్ద జీవులు, అన్నీ కలిసి రోగం తెచ్చే క్రిములను పట్టుకుంటాయి, తింటాయి. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వచ్చి 8 వేలకు పైగా జనం చచ్చిపోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా పట్టణం అదే ఎల్బ్ నదిలో, హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాతి నీళ్లు తాగేది, అయినా దాదాపు బయటపడింది. తేడా ఇసుక ఫిల్టరు ఒక్కటే. కొత్తగా ఇసుక మార్చిన ఫిల్టరు మొదటి రోజుల్లో సరిగ్గా పనిచేయకపోవడం కూడా ఇందుకే, పొర ఇంకా కట్టలేదు. పాత ఫిల్టర్ బెడ్లు ఇంకా నడుస్తున్న ఊర్లు ఏవైనా ఉంటే, దాన్ని గీకి శుభ్రం చేసిన వెంటనే ఊరికి నీళ్లు వదలనివ్వకండి.

మన ఇళ్లలో బింద మూతికి బట్ట కట్టి వడపోసే అలవాటు ఉండేది కదా, దాన్ని కూడా తక్కువ చేసి చూడొద్దు. కలరా క్రిమి చెరువు నీళ్లలో కంటికి ఆనీ ఆనని చిన్న పురుగుల ఒంటి మీద అంటుకొని బతుకుతుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం పాత చీరను మడతలు పెట్టి వడపోయించి చూస్తే కలరా సగానికి దగ్గరగా తగ్గింది, 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పురుగు మీద ఉన్నది బట్టకు ఆగుతుంది. విడిగా ఉన్న క్రిమి, వైరస్ ఆగవు. కాబట్టి బట్ట ఉంది కదా అని క్లోరిన్ మానేయడానికి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శుద్ధి కేంద్రం నుంచి బయల్దేరిన నీళ్లు మీ ఊరి ట్యాంకు దాకా చాలావరకు బాగానే వస్తాయి. ఆ పైన, ట్యాంకు నుంచి ఇంటి గ్లాసు దాకా ఉన్న దారి మీ చేతుల్లో ఉంది. మా చీటీల్లో కనిపించే రోగాలు ఎక్కువ ఆ దారిలోనే పుడుతున్నాయని నా నమ్మకం.

మీ ఊర్లో గేట్ వాల్వ్ గుంత ఒకటి చూడండి, ఇవాళే, వీలైతే వాన పడిన మరుసటి రోజు. పైన బండ సగం జరిగి ఉంటుంది లేదా అసలు ఉండదు. లోపల మోకాలి లోతు నల్లటి నీళ్లు, అందులో గుట్కా ప్యాకెట్లు, చెప్పు ముక్క, పక్కన మోరి నిండి అందులోకే కారుతుంటుంది. వాల్వ్ తిప్పే మనిషి చెయ్యి భుజం దాకా ముంచి తిప్పుతాడు. వాల్వ్ మెడ దగ్గర కొబ్బరి పీచో, సైకిల్ ట్యూబో చుట్టి ఉంటుంది, నీళ్లు వదిలినప్పుడు అక్కడ సన్నగా బయటికి చిమ్ముతుంటుంది. పైపులో ప్రెషర్ ఉన్నంతసేపు మంచి నీళ్లు బయటికి కారతాయి, అది నష్టం, అంతే. వదలడం ఆపేశాక, కింది వాడకట్టు వాళ్లు నీళ్లు పట్టుకుంటూ ఉంటే పైపు ఖాళీ అవుతూ గాలి గుంజుతుంది. అప్పుడు అదే సందులోంచి గుంతలో ఉన్న నల్లటి నీళ్లు లోపలికి పోతాయి. మరుసటి రోజు నీళ్లు వదలగానే అవి మొదటి ఇళ్ల బిందెల్లో పడతాయి. రోజుకు గంటో రెండు గంటలో వదిలి మిగతా పొద్దంతా ఆపే పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలో 24 గంటలూ నీళ్లు వచ్చే వార్డులను, ఆగి ఆగి వచ్చే వార్డులను పక్కపక్కన పెట్టి పరిశోధకులు పోల్చి చూశారు, ఆగి వచ్చే చోటనే నీళ్లలో కాలుష్యం ఎక్కువ కనిపించింది, అందులోనూ వదిలిన మొదటి నిమిషాల్లో.

దీనికి తోడు మనవాళ్లు నల్లాకే మోటార్ బిగించి గుంజుతారు. ప్రెషర్ చాలని చివరి ఇళ్లవాళ్లు నల్లాను నేల కంటే రెండు అడుగుల కిందికి దించి గుంత తవ్వుకుంటారు, ఆ గుంతలోనే బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు నిలుస్తాయి, నల్లా మూతి అందులో మునిగి ఉంటుంది. ఈ గుంతలు తవ్వుకున్నవాళ్లను తిట్టి లాభం లేదు, నీళ్లు అందక తవ్వుకున్నారు. మోటార్ల సంగతి వేరు, అది మాత్రం ఆపించాలి. మోటార్ పెట్టిన ఇల్లు పక్కింటి నీళ్లతో పాటు పక్క మోరిని కూడా పైపులోకి గుంజుతుంది. ఓట్ల సంగతి నాకూ తెలుసు, మోటార్ పీకిస్తే కోపం వస్తుందని తెలుసు. కనీసం గ్రామసభలో ఈ మాట ఒకసారి చెప్పి చూడండి. పక్కింటోళ్ల నీళ్లు దొంగిలిస్తున్నావు అంటే ఊరుకునేవాళ్లు కూడా, నీ మోటార్ వల్ల నీ పిల్లల నీళ్లలోకే మోరి వస్తోంది అంటే ఆలోచిస్తారు.

ట్యాంకు గురించి. ప్రతి నెలా 1, 11, 21 తారీఖుల్లో కడగాలని లెక్క, చాలా ట్యాంకుల మీద పెయింటుతో తారీఖులు రాసి ఉంటాయి కూడా. కడిగారా లేదా కార్యదర్శి గారు ఒక్కసారి నిచ్చెన ఎక్కి చూస్తే తెలిసిపోతుంది. మూత ఉందా, గాలి పైపుకు జాలీ ఉందా, ఈ రెండూ ముందు చూడండి. 2024 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్‌లో తాగునీటి ట్యాంకులో దాదాపు 30 కోతుల కళేబరాలు బయటపడ్డ సంగతి రాష్ట్రమంతా విన్నది. ఎండకు నీళ్ల కోసం రేకు మూత జరుపుకొని లోపలికి దిగి పైకి రాలేకపోయాయి. ఆ నోరులేని జీవాలను తలుచుకుంటే బాధ, ఆ నీళ్లు తాగిన ఇళ్లను తలుచుకుంటే ఇంకా బాధ. ఒక గట్టి మూత, ఒక తాళం, అంతకు మించి ఏం కావాలి?

బ్లీచింగ్ పౌడర్ లెక్క ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి చెప్తున్నాను. మంచి పౌడర్‌లో 30 శాతానికి పైనే క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన సంచిని పంచాయతీ ఆఫీసు మూలకు, కిటికీ కింద ఎండ తగిలే చోట పెడితే కొన్ని నెలల్లో అందులో మిగిలేది ఎక్కువ సున్నమే. వాసన ఘాటుగా లేకపోతే, పౌడర్ తడిసి గడ్డ కట్టి ఉంటే దాన్ని నమ్మొద్దు. వెయ్యి లీటర్లకు 4 గ్రాముల మంచి పౌడర్ అనుకుంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. అంటే లీటరుకు సుమారు 1.2 మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది, అందులో కొంత నీళ్లలోని మురికికే ఖర్చయి మిగిలింది పైపులోకి పోతుంది. అదే పౌడర్‌లో బలం పోయి 10 శాతమే మిగిలిందనుకోండి, అంతే తూచి వేసినా పడేది 0.4, అది ట్యాంకులోనే అయిపోతుంది, చివరి ఇంటికి ఏమీ మిగలదు. కాబట్టి ఎంత వేశాం అన్నదానికన్నా ఎంత మిగిలింది అన్నది చూడాలి. పౌడర్‌ను తిన్నగా ట్యాంకులో గుమ్మరించొద్దు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. పోశాక కనీసం అరగంట ఆగాకే వాల్వ్ తిప్పాలి, క్లోరిన్ పనిచేయడానికి ఆ టైం ఇవ్వాలి. వాటర్ మ్యాన్‌కు గ్లౌజులు, ముక్కుకు మాస్కు, ఒక చిన్న తక్కెడ కొనివ్వండి. పిడికిలితో కొలిచి వేసే ఆ మనిషి మీదే ఊరంతా ఆధారపడి ఉంది, జీతం నెలనెలా అందేలా కూడా చూడండి.

మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. ఆ తేడా ఊరికే పెట్టలేదు. 1955 చివర్లో ఢిల్లీలో మురుగు కలిసిన యమున నీళ్లు శుద్ధి కేంద్రంలోకి వచ్చాయి. క్లోరిన్ వేశారు, టైఫాయిడ్ లాంటివి పెద్దగా పెరగలేదు, కానీ కొన్ని వారాల తర్వాత 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. బ్యాక్టీరియా చచ్చింది గానీ వైరస్ దాటిపోయింది. దాన్నే ఇప్పుడు హెపటైటిస్ ఈ అంటున్నాం. ఇది గర్భిణులకు చివరి మూడు నెలల్లో వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన ఊర్లలో కామెర్లు అనగానే పసరు పోయించడానికి తీసుకుపోతారు. దయచేసి మీ ఆశా వర్కర్లతో చెప్పించండి, గర్భిణి కళ్లు పచ్చబడితే ఒక్క రోజు కూడా ఆగకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక జనం నుంచి మీకు వచ్చే ఫిర్యాదు నాకు తెలుసు. నీళ్లు మందు వాసన వస్తున్నాయి, తాగలేకపోతున్నాం అని. నలుగురు ఆడవాళ్లు బిందెలతో వచ్చి నిలదీస్తే మీరు వాటర్ మ్యాన్‌కు ఫోన్ చేసి తగ్గించమంటారు, రెండు రోజుల తర్వాత పూర్తిగా మానేస్తారు. అట్లా చేయకండి. పట్టిన నీళ్లను మూత పెట్టి రంజన్‌లో కొద్ది గంటలు ఉంచితే వాసన చాలావరకు పోతుంది అని చెప్పండి. నల్లా దగ్గర ఆ కొద్దిపాటి వాసన ఉంది అంటే దారిలో క్రిములను చంపడానికి మందు ఇంకా మిగిలి ఉంది అని అర్థం. మరీ ఘాటుగా ఉంటే తూకం తప్పింది, సరిచేయండి.

ఈ వాసన వల్లనే జనం భగీరథ నీళ్లు వంటకు, కడుగుడుకు వాడుకుంటూ తాగడానికి ఐదు రూపాయలకో పది రూపాయలకో ఫిల్టర్ నీళ్ల క్యాను తెచ్చుకుంటున్నారు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తప్ప గతి లేని చోట ఆర్వో ప్లాంటు అవసరమే, కాదనను. కానీ క్యాను నీళ్లలో క్లోరిన్ చుక్క ఉండదు. క్లోరిన్ తగిలితే ఆర్వో పొర పాడవుతుందని ముందే బొగ్గు ఫిల్టరుతో దాన్ని తీసేస్తారు, ఆ బొగ్గు మళ్లీ బ్యాక్టీరియాకు మంచి ఇల్లు. యూవీ లైటు వెలుగు పడినంతసేపే చంపుతుంది, క్యానులోకి దిగాక కాపలా లేదు. ఒక క్యాను తీసుకొని మెడ లోపల వేలు తిప్పి చూడండి, జారుతుంటే అది పైన చెప్పిన పొరే. మూడు నాలుగు రోజులు, ఎండాకాలం వేడిలో, మంచం పక్కన పెట్టుకొని అవే తాగుతాం, పిల్లలు అందులోనే చెంబు ముంచుతారు. కాపలా ఉన్న నీళ్లు మోరిలో పారబోసి కాపలా లేని నీళ్లు డబ్బు పెట్టి కొంటున్నాం, ఇది నాకు నిజంగా బాధగా ఉంది. ప్లాంటు నడిపేవాళ్లను పిలిచి అడగండి: క్యానులు దేంతో కడుగుతున్నారు, నిల్వ ట్యాంకు ఎప్పుడు కడిగారు, పొరలు ఎప్పుడు మార్చారు, బ్యాక్టీరియా పరీక్ష కాగితం ఏదీ. పంచాయతీ జాగాలో నడిచే ప్లాంటైతే అడిగే హక్కు మీకు ఇంకా ఎక్కువ ఉంది.

పరీక్షలు పెద్ద కష్టమేం కాదు. క్లోరిన్ చూసే కిట్ కొన్ని వందల రూపాయలు, గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పాత కిట్లలో పసుపు రంగు, కొత్తవాటిలో గులాబి రంగు వస్తుంది, పక్కన ఉన్న రంగులతో పోల్చడమే. ఐదు నిమిషాలు పట్టదు. మలం కలిసిందా అని చూసే సీసా ఇంకోటి ఉంది, 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మన పల్లెల కోసమే కనిపెట్టారు. గుర్తు దాకా నీళ్లు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు ఇంట్లో పెడితే, నీళ్లు చెడ్డవైతే సీసా నల్లగా మారుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊర్లో ఐదుగురు ఆడవాళ్లకు ఈ పరీక్షలు నేర్పాలని ఉంది. మీ ఊర్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి, కిట్ ఎక్కడో బీరువాలో ఉంటే బయటికి తీయించండి, మందుల గడువు తారీఖు చూడండి. ల్యాబ్‌కు నీళ్లు పంపేటప్పుడు మాత్రం ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పట్టి పంపొద్దు, ఆ ఫలితానికి విలువ లేదు. ల్యాబ్ వాళ్లే ఇచ్చే శుభ్రమైన సీసా ఉంటుంది, క్లోరిన్‌ను ఆపేసే మందు అందులో ముందే వేసి ఇస్తారు. నల్లా మూతి శుభ్రం చేసి, కాసేపు నీళ్లు వదిలేసి పట్టి, ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చాలి. రూల్ ప్రకారం బ్యాక్టీరియా పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఏడాదిలో మిగిలిన రోజులకు మన దగ్గరున్న ఆధారం ఆ క్లోరిన్ అంకె ఒక్కటే, అందుకే దాని కోసం ఇంత పట్టుబడుతున్నాను.

పైపులైను పగిలో కరెంటు పోయో భగీరథ నీళ్లు రాని రోజుల్లో ఊరి బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కిస్తారు. అప్పుడు మైకులో చెప్పించండి, ఇవి బోరు నీళ్లు, తాగడానికి కాదు అని. తాగక తప్పకపోతే మందు తప్పనిసరిగా వేయండి. ఒక వాడకట్టులో ఒకే రోజు ముగ్గురు నలుగురికి విరేచనాలు మొదలయ్యాయని విన్నారంటే, ఫ్లెక్సీలో ఫోటో పడేదాకా ఆగకుండా ఆ లైను ఆపించండి, ఆ వాడకు ట్యాంకర్ నీళ్లు పంపండి, ఏఎన్ఎం దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు సరిపడా ఉన్నాయా చూడండి, నీళ్లు మరిగించి తాగమని ఇంటింటికీ చెప్పించండి, లీకేజీ ఎక్కడో తవ్వి పట్టుకోండి, ఆ తర్వాత పైపును ఎక్కువ మందు నీళ్లతో కడిగి చివరన వదిలేయండి. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగే నీళ్లలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. రాజధాని నడిబొడ్డునే అట్లా జరిగింది. పెద్దాసుపత్రికి గంట దూరంలో ఉన్న మన తండాల్లో జరిగితే ఎవరు కాపాడతారు?

ఇవన్నీ ఒకేసారి కావని నాకు తెలుసు. పంచాయతీకి నిధులు ఆలస్యంగా వస్తాయని, కార్యదర్శి ఒక్కరే పది పనులు చేస్తున్నారని కూడా తెలుసు. మృగశిర కార్తెకు ముందు రెండు పనులు చేయండి చాలు: వాల్వ్ గుంతలు ఎత్తు చేసి మూతలు వేయించడం, క్లోరిన్ కిట్ కొనడం. కిట్ ఎట్లా వాడాలో వాటర్ మ్యాన్‌కు, ఆ ఐదుగురు ఆడవాళ్లకు చూపించడానికి ఎవరైనా కావాలంటే మునుగోడు, చండూరు, మర్రిగూడ మండలాల్లో ఏ ఊరికైనా ఆదివారాలు నేను వస్తాను, బస్సు చార్జీ కూడా అడగను. మా ల్యాబ్‌లో ఇంకో ఇద్దరు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
మునుగోడు ప్రాంత వాసి, ల్యాబ్ ఉద్యోగి